డెబ్బై నాలుగో వరుస

అరవై మూడు వరుసలు. అందులో ఇరవై మూడింటికి ఎర్ర రంగు పూశాడు లుబ్వామా. ఎరుపంటే వాంతులు, విరేచనాలు. మొదటి ఎర్ర వరుస అతనిదే.

కియెరెమా ఆరోగ్య కేంద్రంలో పారిశుద్ధ్య ఉద్యోగి అతను. పదకొండు వారాలుగా ప్రతి గురువారం మూడింటికి టాబ్లెట్ ముందు కూర్చుని, రోగం ఎక్కడ పుట్టి ఎలా పాకిందో కూపీ లాగే విద్య నేర్చుకుంటున్నాడు. పాఠం చెప్పేది నైరోబీలో ఉన్న డాక్టర్ ముతోని. ఇది పన్నెండో వారం, ఆఖరి పరీక్ష. సొంత ప్రాంతంలో నిజంగా వచ్చిన రోగాన్ని పట్టుకుని, దోషి ఎవరో తేల్చాలి.

రోగం కోసం వెతుక్కోనక్కర లేకపోయింది. పోయిన శనివారం అత్తగారింట్లో పెదమామగారి ఆఖరి కర్మ విందు జరిగింది. ఆదివారం పొద్దుటికి విందుకు వచ్చినవాళ్లలో మూడో వంతు మంది కడుపు పట్టుకుని పొదల వైపు పరుగెత్తారు. ఎవరి ప్రాణానికీ ముప్పు రాలేదు. కానీ ఒకరి పేరుకు వచ్చింది.

ఆ పేరు నాలోంగో. కవలల తల్లి కనుక ఊరంతా ఆమెను అలాగే పిలుస్తుంది. ఆ కవలల్లో పెద్దది బబిర్యే, లుబ్వామా భార్య. అరిటాకులో కోడిమాంసం, వేరుశనగ పులుసు చుట్టి ఆవిరి మీద ఉడికించే లువొంబో వండటంలో ఆ చుట్టుపక్కల నాలోంగోను మించినవాళ్లు లేరు. ఆమెకు విందు అప్పజెప్పేవాళ్లు ముందుగా లేత అరిటాకుల కట్ట పంపుతారు. వచ్చే శనివారం కూతురి పెళ్లిమాటలకు ముట్యాబా మాస్టారు పంపిన కట్ట ఆమె వాకిట్లోనే ఉండేది. సోమవారం ఆయన మనిషి వచ్చి, ఎవరి మొహమూ చూడకుండా దాన్ని తిరిగి మోసుకుపోయాడు.

రేపు పొద్దున ఊరి చైర్మన్ ముందు లుబ్వామా ఫలితం చదవాలి. పట్టిక మాత్రం ఒకే మాట చెబుతోంది. లువొంబో తిన్న నలభై ఒక్కమందిలో ఇరవై ముగ్గురు జబ్బుపడ్డారు. తిననివాళ్లు ఇరవై ఇద్దరిలో ఒక్కరూ పడలేదు.

"ఏం తేల్చారు కంప్యూటరు డాక్టరుగారూ?" అంది బబిర్యే. భోజనం గిన్నె తెచ్చి బల్ల మీద పెట్టింది కానీ మూత తీయలేదు.

"ఇంకా తేలలేదు."

"మీ మొహం చూస్తే తేలినట్టే ఉంది. మా అమ్మ నాలుగు రోజులుగా పొయ్యి వెలిగించలేదు. రేపు మీరు ఆవిడ పేరు చదివారో, ఈ గిన్నెలో ఇదే ఆఖరి ముద్ద."

"లెక్కలు నేను పుట్టించానా?"

"లెక్కలకి అన్నం వండమనండి మరి" అని ఆమె తల్లి ఇంటికి వెళ్లిపోయింది.

సరిగ్గా మూడింటికి తెర మీద డాక్టర్ ముతోని కళ్లజోడు మెరిసింది. లుబ్వామా పట్టిక చూపించాడు. ఆవిడ దాన్ని కిందికీ పైకీ చూసింది.

"లువొంబో తిన్నవాళ్లంతా పైనాపిల్ రసం కూడా తాగారు కదూ?"

"అవును డాక్టర్. రెండూ పెద్ద పందిట్లోనే వడ్డించారు. తిననివాళ్లు పెరటి పందిట్లో పస్తుతో వచ్చిన చర్చి బృందం. వాళ్లు రెండూ ముట్టలేదు."

"అంటే నీ దగ్గర ఇద్దరు అనుమానితులున్నారు. ఇద్దరూ ఎప్పుడూ జంటగానే తిరిగారు. నువ్వు మాత్రం ఒకరికే సంకెళ్లు వేస్తున్నావు. వీళ్లలో ఒకరిని మాత్రమే కలిసిన మనిషి కావాలి నీకు. లువొంబో తిని, రసం తాగనివాళ్లు ఎవరు?"

"అలాంటివాళ్లు లేరు డాక్టర్."

"లేరా, నువ్వు అడగలేదా? అరవై మూడుమందికి వండినవాళ్లు ఈ పట్టికలో ఎక్కడున్నారు లుబ్వామా?"

లుబ్వామా వేళ్ల మీద లెక్కపెట్టాడు.

వంటవాళ్లు పదకొండుమంది. పదిమంది ఊరి ఆడవాళ్లు, పదకొండోది నాలోంగో. వాళ్లను అడగాలంటే వంటపాక దగ్గరికి వెళ్లాలి. వంటపాకలో అత్తగారు ఉంటుంది. వాళ్ల ఆచారంలో అల్లుడు అత్తగారి ఎదుటపడకూడదు, చేయి కలపకూడదు, ఒకే కప్పు కింద కూర్చోకూడదు. తప్పితే చేతులకు వణుకు పట్టుకుంటుంది, జన్మకు పోదు. లుబ్వామా మేనమామ కప్పు పట్టుకుంటే టీ సగం ఒడిలోనే పడేది. బస్సు దిగుతూ అత్తగారిని ఢీకొన్నాడని ఊరంతా చెప్పుకునేది. వెంట వెంట జరిగినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణం కాదని నాలుగో వారం పాఠంలోనే విన్నాడు లుబ్వామా. విని, రాసుకుని, ఆ సాయంత్రమే దారిలో అత్తగారు కనబడితే కాఫీ తోటలోకి దూకాడు.

విషయం విని ముతోని నవ్వలేదు. "ఎదురుగా వెళ్లొద్దు. నా క్లాసులో కూడా సగం మంది కెమెరా ఆపేసే కూర్చుంటారు, ఎవరికీ వణుకు రాలేదు. నాలుగున్నరకి క్లాసు ముగుస్తుంది. ఈలోగా ఆ పదకొండు వరుసలూ నింపుకుని రా."

లుబ్వామా జేబులోంచి ఫోను తీసి బబిర్యేకు కలిపాడు. ఆమె అప్పటికే తల్లి వాకిట్లో ఉంది. అదృష్టం! ఆ పదిమంది ఆడవాళ్లూ ఓదార్చే నెపంతో నాలుగు రోజులుగా అక్కడే వేరుశనక్కాయలు ఒలుస్తున్నారు.

"ఒక్కొక్కర్నీ అడుగు. లువొంబో తిన్నారా, రసం తాగారా, కడుపు ఎలా ఉంది."

ఇరవై నిమిషాల్లో పది వరుసలు నిండాయి. పదిమందీ లువొంబో తిన్నారు. అడుగున మాడిన ముక్కలు కూడా వదల్లేదు. రసం చుక్క కూడా దక్కలేదు, అంతా పందిట్లోకే పోయింది. పదిమందిలో ఒక్కరికీ కడుపు నొప్పి లేదు.

లుబ్వామా కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. దోషి దొరికాడు. లువొంబో కాదు, రసం!

"చూశారా? మా అమ్మ వంట బంగారం!" ఫోన్లో బబిర్యే అరిచింది. వెనకాల ఆడవాళ్లు సంతోషంతో ఉలులులుమని కేకలు వేశారు.

"ఆగు. రసం నీళ్లతోనే చేశారు కదా. మీ అమ్మగారు మరగకాచని నీళ్లు వాడరు. ముందు వసారాలో నిండా కాచి చల్లార్చిన నీళ్ల పీపా ఉంది, నా కళ్లతో చూశాను. మరి ఈ పాడునీళ్లు ఎక్కడివి?"

అవతల ఉలులులు ఆగిపోయాయి.

"అమ్మనే అడగాలి" అంది బబిర్యే నెమ్మదిగా.

డెబ్బై నాలుగో వరుస. చుట్టూ తిరిగి అక్కడికే వచ్చింది. గడియారం మూడు యాభై చూపిస్తోంది.

"ఫోను ఆవిడ దగ్గర పెట్టు. బొమ్మ రాకుండా చూడు. మాటే చాలు."

ఏదో గరగర. తర్వాత బబిర్యే గొంతు విసుగ్గా వినిపించింది. "అమ్మా, ఫోనుకెందుకు మోకాళ్ల మీద కూర్చుంటావు? అందులో ఆయన లేరు."

"మాట వస్తోందంటే మనిషి ఉన్నట్టే. అల్లుడుగారు క్షేమమా అని అడుగు."

"నేనడగడమెందుకు? ఆయనకి వినిపిస్తోంది!"

"అడగవే!"

"క్షేమమేనట. అమ్మా, రసానికి నీళ్లెక్కడివి?"

"నేనే తెచ్చానని చెప్పు. కింద ఊటబావి నుంచి. తప్పు నాదేనని రాసుకోమను. నా పేరే చదవమను."

లుబ్వామా ఆగలేకపోయాడు. ఏడేళ్ల కాపురంలో మొదటిసారి నేరుగా ఆమెతో మాట్లాడాడు, అమ్మా అన్నట్టు గౌరవంగా పిలుస్తూ. "న్యాబో, వసారాలో పీపా నిండా కాచిన నీళ్లుండగా కొండ దిగి ఊటకి ఎందుకెళ్లారు?"

వేరుశనక్కాయలు ఒలిచే చప్పుడు ఆగింది.

"అమ్మా, చెప్పు" అంది బబిర్యే.

"అది అల్లుడుగారికి చెప్పే మాట కాదు."

"నాకు చెప్పు మరి."

"నీకు చెబితే ఆయనకి వినబడుతుందిగా!"

"న్యాబో, అది చెప్పకపోతే ఈ వరుస నిండదు. మీ పేరు నిలబడదు" అన్నాడు లుబ్వామా.

ఆమె పెద్దగా నిట్టూర్చింది. కూతురితో అన్నట్టుగానే, మాట మాత్రం ఫోను వైపు తిప్పి చెప్పింది.

"ఆ రోజు పీపాకి ఆనించి ఒక కుర్చీ వేసి ఉందే అమ్మాయ్. ఆ కుర్చీలో ఒక పెద్దమనిషి కూర్చున్నాడు. పదకొండింటికి కూర్చున్నవాడు ఒంటిగంటన్నరకి లేచాడు. నేను మూడుసార్లు మూల దాకా వచ్చి వెనక్కి పోయాను. పందిట్లో రసం, రసం అని కేకలు. ఏం చెయ్యను?"

లుబ్వామా చెవులు వేడెక్కాయి.

అతనికి ఆ కుర్చీ బాగా గుర్తు. నీడ బాగుందని తనే అక్కడికి లాక్కున్నాడు. రెండున్నర గంటలు కదల్లేదు. చుట్టూ చేరిన మగవాళ్లకు తన చదువు గురించి చెబుతూనే ఉన్నాడు. అన్నిటికన్నా ఘోరం, ఏ పాఠం చెప్పాడో కూడా గుర్తుంది. నీళ్లు ఎందుకు కాచుకోవాలి అనే తొమ్మిదో వారం పాఠం.

"ఇంకెవరినైనా పంపొచ్చు కదమ్మా?" అంది బబిర్యే.

"పంపితే నువ్వే ఎందుకు వెళ్లవంటారు. మా అల్లుడు దారికి అడ్డంగా కూర్చున్నాడని పదిమందిలో చెప్పనా? చదువుకుంటున్న పిల్లాడు. నలుగురూ చేరి వింటున్నారు. ఎంత ముచ్చటగా చెబుతున్నాడో... మూల నిలబడి నేనూ విన్నాను కాసేపు."

లుబ్వామా ఫోను చెవికి ఇంకా దగ్గరగా పెట్టుకున్నాడు. నాలుగు రోజులు ఊరంతా ఆమె వంటను తిట్టింది. వాకిట్లోంచి ఆకుల కట్ట పోయింది. ఒక్క మాట చాలు ఆమె పేరు నిలబడటానికి. ఆ మాట అల్లుడి మీదికి పోతుందని మింగేసి కూర్చుంది.

నాలుగుంపావుకి టాబ్లెట్ ముందుకు వచ్చి అంతా చెప్పాడు. డాక్టర్ ముతోని కళ్లజోడు తీసి తుడుచుకుంది.

"రోగానికి కారణం ఊటనీళ్లు. సరే. ఆ కారణం వెనక కారణం?"

"నేను డాక్టర్. నా కుర్చీ."

"రేపు ఊళ్లో అది కూడా చదువుతావా? చదవకపోయినా నీకు మార్కులు తగ్గవు."

"చదువుతాను" అన్నాడు.

శుక్రవారం పొద్దున ఆరోగ్య కేంద్రం ముందు ఊరంతా చేరింది. చైర్మన్ పక్కన ముట్యాబా మాస్టారు గొడుగు మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. వెనక ఆడవాళ్ల గుంపులో, అందరికన్నా ఆఖరున, తలమీంచి గుడ్డ కప్పుకుని ఎవరో అటు తిరిగి కూర్చున్నారు. లుబ్వామా ఆ వైపు చూడలేదు.

పట్టిక చదివాడు. లువొంబో నిర్దోషి అన్నాడు. ఊటనీళ్ల సంగతి చెప్పాడు. ఊటబావికి ఆ పైనున్న మరుగుదొడ్డి నుంచి కాలువ దిగుతోందనీ, సోమవారం నుంచి దాన్ని మళ్లిస్తామనీ చెప్పాడు. ఆ తర్వాత పట్టికలో ఆఖరి వరుస మీద వేలు పెట్టాడు.

"డెబ్బై నాలుగో వరుస. వంటావిడ ఊటకి వెళ్లడానికి కారణం, కాచిన నీళ్లకి దారి లేకపోవడం. దారి ఇవ్వనిది మొదటి వరుసలో ఉన్న మనిషి. అంటే నేను."

కాసేపు ఎవరికీ అర్థం కాలేదు. ముందుగా చైర్మన్‌కే వెలిగింది.

"ఓరి లుబ్వామా! నీళ్లు కాచుకోండీ, కాచుకోండీ అని గొంతు చించుకుంటూ ఆ నీళ్ల ముందే కూర్చున్నావా?"

నవ్వు పగిలింది. రెండు రోజులు పొదల్లో గడిపినవాళ్లే అందరికన్నా ఎక్కువ నవ్వారు. "పన్నెండు వారాలు చదివి పట్టుకున్న దొంగ వీడేనా!" అని ఎవరో అరిచారు. ముట్యాబా మాస్టారు నవ్వలేదు. గొడుగు తీసుకుని గబగబా ఇంటివైపు నడిచాడు.

మధ్యాహ్నానికి ఆకుల కట్ట నాలోంగో వాకిట్లో ఉంది. ముందటి కట్టకన్నా పెద్దది. ఈసారి మాస్టారే స్వయంగా మోసుకొచ్చాడు.

శనివారం పెళ్లిమాటల విందులో లుబ్వామాకు కుర్చీ వేసి ఉంచారు. పందిరికి దూరంగా, పనసచెట్టు కింద, నీళ్లకీ వంటకీ ఏ దారికీ అడ్డం రాని చోట. కుర్చీ కదలకుండా ఒక కాలిని చెట్టుకి తాడుతో కట్టారు కూడా. చైర్మన్ పని అయ్యుంటుంది. వచ్చేపోయేవాళ్లు తాడు చూసి నవ్వుతూ పోతున్నారు.

అతని వెనక రెల్లు దడి. దడి అవతల పొయ్యిల పొగ. కాసేపటికి దడి కింది సందులోంచి ఆవిరి కక్కుతున్న అరిటాకు పొట్లం, మూతపెట్టిన గ్లాసు ఇవతలికి జరిగాయి.

"అమ్మాయ్, గ్లాసులోవి కాచిన నీళ్లేనని చెప్పు" అంది దడి అవతలి గొంతు. బబిర్యే ఆ దరిదాపుల్లో కూడా లేదు. "మొన్న ఫోన్లో నేరుగా మాట్లాడారుగా, చేతులు ఎలా ఉన్నాయో కూడా అడుగు."

లుబ్వామా గ్లాసు అందుకుని, మూత తీసి, కుడిచేతిని చాపి చూశాడు. చుక్క తొణకలేదు.

"ఆకలికి కొంచెం వణుకుతున్నాయని చెప్పు" అన్నాడు చెట్టుతో.

దడి కింది నుంచి ఇంకో పొట్లం వచ్చింది.