కోటు వెనక ఇంటూ మార్కు

ఆమెకు అన్నిటికన్నా పెద్ద భయం ఒక్కటే: తన మూలంగా చెల్లెలు నలుగురిలో నవ్వులపాలు కావడం. తన చంటిదానికి జ్వరమొచ్చినా అంత బెదరదు. జ్వరానికి మందుంది, దీనికి లేదు.

చెల్లెలిని వీధంతా లెక్కలమ్మ అంటారు. అమ్మ చనిపోయిన ఏడాది అక్క పదో తరగతి మధ్యలోనే పుస్తకాలు అటకెక్కించి, కుట్టు మిషను ముందు కూర్చుంది. గౌన్లు, చొక్కాలు, తలగడ గలీబులు కుట్టి ఆ పిల్లను చదివించుకొచ్చింది. పెళ్ళయినా చెల్లెలిని వెంటబెట్టుకునే కాపురానికి వచ్చింది. లెక్కలమ్మ ఏనాడూ ఒక లెక్క తప్పింది లేదు. ఇప్పుడు పెద్ద ఫైనాన్స్ కంపెనీలో రెండు నెలల ఇంటర్న్‌షిప్ దొరికింది. తీసుకున్నది ఇరవై మందిని. ఆఖరికి ఉంచుకునేది ముగ్గుర్ని.

కంపెనీవాళ్ళు బట్టల గురించి ఒక కాగితం పంపారు. ముదురు రంగు కోటు, గీతలు లేని తెల్ల చొక్కా, వేళ్ళు కనపడని బూట్లు. వేలాడే కమ్మలు వద్దు, గోళ్ళ రంగు వద్దు, ఘాటు సెంటు వద్దు, జుట్టు ముడి వేసుకోవాలి. అక్క ఆ కాగితాన్ని మిషను ఎదురుగా గోడకు అతికించి, వారం రోజుల్లో కంఠతా పట్టేసింది. బట్టల దగ్గర ఆ కంపెనీకి ఎంత పట్టింపో చెల్లెలు ముందే చెప్పింది. కిందటేడు ఒకమ్మాయి చొక్కా అంచు బయటికి వేలాడుతుంటే పెద్దసారు చూశాడట. సొంత బట్టలే చూసుకోలేనివాళ్ళకు జనం సొమ్ము ఎలా అప్పగిస్తాం అన్నాడట. ఆ అమ్మాయి మర్నాటి నుంచి రాలేదట.

కోటు మాత్రం కొన్నదే. నల్లది, పేరున్న కొట్టులోది. చేతులు రెండంగుళాలు పొడుగైతే, తగ్గించడానికి అక్క మిషనెక్కింది. ఎడమ చేతి చివర కొట్టు పేరున్న చిన్న గుడ్డముక్క ఉంది. దాన్ని జాగ్రత్తగా విప్పి, చెయ్యి మడిచాక, కొలిచి మరీ మళ్ళీ అక్కడే కుట్టింది. మంచి సరుకని చూసేవాళ్ళకు తెలియాలి కదా. కోటు వెనక, నడుము కింద చీలిక మీద, తెల్లదారంతో అడ్డంగా ఒక ఇంటూ మార్కు ఉంది. అందులో ఒక పోగు వదులైంది. కొట్టువాళ్ళకు ఎంత అశ్రద్ధ అనుకుంటూ, తెల్లదారం రెండు పేటలు చేసి, మైనం రాసి, పదేళ్ళయినా ఊడకుండా బిగించింది. ఆమె అంతకుముందు కోటన్నది ముట్టుకున్నది లేదు.

ఆ ఉదయం చెల్లెలు అద్దంలో వెనక్కి తిరిగి చూసుకుంది.

"అక్కా, ఈ దారం తీసెయ్యాలేమోనే?"

"కొత్త కోటు మీద కత్తెర పెడతావా? కొట్లో బొమ్మకీ అలాగే ఉంది. నేను చూడకుండా కుట్టానా?"

లెక్కలమ్మ నవ్వి, పాప బుగ్గ మీద ముద్దు పెట్టింది. "సరేలేవే. నువ్వు కుట్టింది నేనెందుకు విప్పుతాను" అంటూ మెట్లు దిగిపోయింది.

అరగంట తరవాత అక్క పాపను చంకనేసుకుని, బట్టల మూటతో వీధి చివర ఇస్త్రీ తాత దగ్గరికి వెళ్ళింది. ఆయన రోజూ ఆఫీసువాళ్ళ కోట్లు పాతిక ఇస్త్రీ చేస్తాడు. పెట్టె పక్కకు పెట్టి, మీ లెక్కలమ్మ ఇందాక దొరసానిలా వెళ్ళింది గానీ వెనక కచ్చా కుట్టు విప్పలేదేమే అని అడిగాడు. అక్క ముందు నవ్వింది. అది ఫ్యాషను తాతా అంది. తాత నవ్వలేదు. అది బట్ట నలగకుండా కొట్టువాళ్ళు వేసేదనీ, తొడిగే ముందు తెంపెయ్యాలనీ, చేతి మీది గుడ్డముక్క సంగతీ అంతేననీ చెప్పాడు. పిలిచేలోగా పిల్ల బస్సెక్కేసిందట.

"వాళ్ళు కాగితంలో రాయలేదు తాతా. అన్నీ రాశారు, ఇది రాయలేదు."

"వాళ్ళకది రాయాలని తోచదమ్మా" అన్నాడు తాత. మూట అందుకున్నాడు.

ఆమె వెంటనే ఫోను తీసింది. చెల్లెలి ఫోను ఆపేసి ఉంది. లోపలికి వెళ్ళేముందు ఫోన్లు పెట్టెలో పెట్టించుకుంటారని చెల్లెలు రాత్రే చెప్పింది. మొగుడికి చేస్తే, సరుకుల వ్యానుతో ఊరి అవతల ఉన్నానన్నాడు. పెద్దసారు పదకొండింటికి కొత్తవాళ్ళను చూస్తాడు. అప్పటికి తొమ్మిదిన్నర. ఇంటికి పరిగెత్తి, దారాలు తెంపే చిన్న కత్తెర తీసుకుంది. తాళం వేసిందో లేదో కూడా గుర్తులేదు. కత్తెర గుప్పిట్లో పెట్టుకుని, పాపతో కనిపించిన బస్సెక్కేసింది. దారి పొడుగునా ఒక్కటే మాట బుర్రలో తిరిగింది: నువ్వు కుట్టింది నేనెందుకు విప్పుతాను.

కంపెనీ మేడ నిలువెల్లా అద్దాలే. గుమ్మంలో పెద్దవయసు కాపలామనిషి ఆపాడు. ఆమె కాళ్ళకు ఇంటి చెప్పులు, భుజాన పాప కక్కిన పాల మరక, బట్టలకు అంటుకున్న దారప్పోగులు. సంగతంతా ఏకబిగిన చెప్పేసింది. ఆయన విన్నాడు, తిట్టలేదు. చీటీ లేనిదే పంపితే తన ఉద్యోగం పోతుందన్నాడు. లోపలికి ఫోను చేసి అడిగాడు. కొత్తవాళ్ళెవర్నీ ఇప్పుడు కదిలించడానికి లేదని జవాబొచ్చింది.

"పోనీ ఈ కత్తెర ఇచ్చి పంపండి బాబాయ్. నేను రాను. రెండు తెంపులే."

"కత్తెర అసలే పోనివ్వరమ్మా. ఇనుము తగిలితే గేటు కూస్తుంది."

అప్పుడు అద్దం అవతల కనపడ్డారు. కింది హాల్లో కొత్తవాళ్ళు వీధి వైపు వీపులు పెట్టి బారుగా నిలబడ్డారు. అన్నీ నల్ల వీపులే. నాలుగో వీపు కింద తెల్లగా, వీధిలోకి కనిపించేంత తెల్లగా, ఇంటూ మార్కు. ఏ మాస్టారూ ఆ పిల్ల లెక్క మీద పెట్టని మార్కు తన చేత్తో పెట్టి పంపింది. పక్కనున్న కుర్రాడు ఇంకొకడి చెవిలో ఏదో అన్నాడు. ఇద్దరూ ఒకసారి కిందికి చూశారు. లెక్కలమ్మ తల నిటారుగా పెట్టుకుని నిలబడి ఉంది. ఆమెకేం తెలుసు.

అక్క అద్దం మీద కొట్టింది. పాప పిన్నిని గుర్తుపట్టి తనూ అరచేత్తో చరిచింది. ఆ అద్దం దళసరిది. లోపల ఒక్క తలా తిరగలేదు. కాపలామనిషి వచ్చి మెల్లగా చెయ్యి పట్టి పక్కకు తీసుకెళ్ళాడు. ఇలా చేస్తే ఎవరి తాలూకో లోపల తెలుస్తుంది, ఆ పిల్లకే చెరుపు అన్నాడు. ఆ మాటకు ఆమె ఇక అద్దం వైపు వెళ్ళలేదు. తన వేషం అప్పుడు చూసుకుంది.

మెళ్ళో కార్డున్న వాళ్ళనల్లా ఆపడం మొదలుపెట్టింది. ఒకాయన చిల్లర తీయబోయాడు. బూడిదరంగు కోటావిడ ఒకరు నిలబడి సగం విని, వాచీ చూసుకుని, చూస్తానులే అంటూ వెళ్ళిపోయింది. పేరడగలేదు. చూస్తుందో చూడదో ఆమెకే తెలియాలి. ఈలోగా లిఫ్టు తలుపులు తెరుచుకుని నల్ల వీపులన్నీ లోపలికి వెళ్ళిపోయాయి. అందరికన్నా ఆఖరున తెల్లమార్కు వెళ్ళింది. గోడ గడియారంలో పదకొండుకు పది నిమిషాలు తక్కువ.

ఆమె మెట్ల పక్క గట్టు మీద కూలబడింది. పాపకు ఆకలేసి ఏడుస్తోంది. గుప్పిట్లో కత్తెర చెమటకు జారుతోంది.

ఇది చదువుతున్న మీ మెళ్ళో అలాంటి కార్డేదైనా ఉంటే, ఒక్కసారి లిఫ్టెక్కి వెళ్ళి చూడండి. నల్లకోటు, బిగించి కట్టిన ముడి, ఎడమ చేతి మీద కొట్టు పేరు. పక్కకు పిలిచి, నలుగురూ వినకుండా చెప్పండి. మీ దగ్గర కత్తెర లేకపోతే పళ్ళతో కొరకమనండి, దారం రెండు పేటలు. తప్పు అక్కదని చెప్పండి. ఆ పిల్ల ఏడవకుండా ఉందో లేదో చూసి, కింద గట్టు మీదున్న మనిషికి ఒక్క మాట చెప్పి వెళ్ళండి.