పద్నాలుగు తెరల తూనీగ

నెలకోసారి, ఒకటో తారీఖు పొద్దున పదింటికి, ఆ బొమ్మ వచ్చేది. జనం ఏ బ్రౌజరు ఎంత వాడుతున్నారో లెక్కలు కట్టే సంస్థ ఒకటి దాన్ని పంపేది. పళ్ళెంలాంటి గుండ్రటి బొమ్మ. అందులో ముప్పాతిక మేర నీలమే. అది పెద్ద కంపెనీ వాటా. ఆఫీసులో ఆ కంపెనీని అందరూ ఏనుగు అనేవారు. తరవాత ఆకుపచ్చ, పసుపు, ఇంకేవో రంగులు. చివర్న దారప్పోగంత ఎర్రగీత. ఆ గీతే తూనీగ. గీతను ఆనుకుని బూడిదరంగు ముక్కొకటి ఉండేది, దాని మీద 'ఇతరులు' అని రాసి. ఒక్క శాతం కన్నా కిందికి జారినవాళ్ళందర్నీ ఊరూ పేరూ లేకుండా ఆ ముక్కలో పోసేసేవారు.

తూనీగ బ్రౌజరును తయారుచేసేది తొమ్మిది మంది. టైర్ల దుకాణం మీద రెండు గదులు వాళ్ళ ఆఫీసు. కింద టైరుకు గాలి కొట్టినప్పుడల్లా పైన బల్లలు వణికేవి. ఆ తొమ్మిది మందిలో ఒకడు టెస్టింగాయన. మిగతావాళ్ళు రాసింది పనిచేస్తుందో లేదో నొక్కి నొక్కి చూసి తప్పులు పట్టడం అతని పని. పదకొండేళ్ళుగా నొక్కుతూనే ఉన్నాడు.

ఆ నెల గీత ఒకటి పాయింటు సున్నా మూడు దగ్గర వేలాడుతోంది. డబ్బు పెట్టిన పెద్దమనిషి ఎప్పుడూ మనిషిగా రాడు, ఫోను స్పీకర్లోంచి గొంతుగా వస్తాడు. ఆ గొంతు తేల్చి చెప్పేసింది: "వచ్చే నెల మనం 'ఇతరుల్లో' కనిపిస్తే తాళం నేను పంపిస్తా, వేసేసుకోండి."

తాళం మాట వినగానే మిగతా ఎనిమిది మందికీ జీతాలు గుర్తొచ్చాయి. టెస్టింగాయనకు బావమరిది గుర్తొచ్చాడు.

భార్య తమ్ముడు. ఏనుగులోనే ఉద్యోగం, అదీ వాటా పెంచే విభాగంలో. ఒకప్పుడు వాడికి మౌసు పట్టుకోవడం నేర్పింది టెస్టింగాయనే. ఇప్పుడు వాడు ఆదివారం భోజనానికి వస్తే కారు ఎక్కడ నిలపాలో వీధంతా ఆలోచిస్తుంది.

"బావా, మీ ఎర్రగీత ఎలా ఉంది? మొన్న కళ్ళజోడు మార్పించుకున్నా, అయినా కనపళ్ళేదు," అన్నాడు ఆ ఆదివారం, చెయ్యి కడుక్కుంటూ.

"నీలం ఎక్కువ చూస్తే కళ్ళకు మంచిది కాదురా. డాక్టర్ని అడుగు."

"వేళాకోళం కాదు బావా. నా కింద ఒక సీటు అట్టేపెట్టించా. మీరు రావడమే ఆలస్యం. పొద్దున తొమ్మిదింటికి వచ్చి నాకో గుడ్మార్నింగ్ చెబితే చాలు, మిగతా పని నేనే చెబుతా."

"మంచిమాటే కదండీ," అంది భార్య. "ఇంట్లోవాడే."

"నీ తమ్ముడికి గుడ్మార్నింగ్ చెప్పేకంటే మా కింద దుకాణంలో టైర్లకు గాలి కొట్టుకుంటా."

"కొట్టుకోండి. వాళ్ళు మీకన్నా ముందే ఇంటికి పోతున్నారు."

ఆమె ఫోన్లో ఉన్నది కూడా ఏనుగే. ఎందుకు వాడుతున్నావని అతను అడిగితే, "ఫోనుతో పాటు వచ్చిందండీ, నేనేం పిలవలేదు," అనేది. దేశంలో సగం వాటా అలా పిలవకుండా వచ్చిందేనని అతనికి తెలుసు. తెలిసీ చేసేదేముంది?

సోమవారం తూనీగను మొదలుపెట్టిన యజమాని కొత్త ఉపాయంతో ఆఫీసుకొచ్చాడు. "పెద్దవాళ్ళంతా ఏం చేస్తున్నారు? అడుగుతున్నారు. 'నన్నే మీ అసలు బ్రౌజరుగా పెట్టుకోండి' అని మొహమాటం లేకుండా అడుగుతున్నారు. మనం ఏనాడైనా అడిగామా?"

అడగలేదు. వద్దనుకుని కాదు, ఆ పని చేయడానికి మనుషులు చాలక. ఇప్పుడు చేశారు. తెర మధ్యలో పెద్ద పెట్టె ఒకటి లేస్తుంది. మూసే గుర్తు ఉండదు. 'సరే' అని నొక్కాలి, లేదా 'తరవాత' అని నొక్కాలి. 'తరవాత' నొక్కితే పది నిమిషాలకు మళ్ళీ లేస్తుంది. ప్రోగ్రాము రాసింది తొమ్మిది మందిలో ఒకతె, కళ్ళద్దాలమ్మాయి. రాస్తూనే, "అన్నయ్యా, ఇది నాకే చిరాగ్గా ఉంది," అంది. టెస్టింగాయన మాత్రం నాలుగు వందల సార్లు నొక్కి చూసి, పెట్టె ఎటునుంచి చూసినా దిట్టంగా ఉందని సంతకం పెట్టాడు. దిట్టంగా ఉందా అనే చూశాడు తప్ప ఉండాలా అని చూడలేదు. అది అతని పని కాదు మరి.

మంగళవారం కొత్త తూనీగ బయటికి వెళ్ళింది. బుధవారం పొద్దున పది దాటి ఇరవై నిమిషాలకు రోజువారీ గీత గోడమీంచి దూకినట్టు కిందికి పడింది.

లెక్కల సంస్థ ఊళ్ళవారీగా పంపే పట్టిక ముందేసుకుని టెస్టింగాయన వేలితో చదువుకుంటూ పోయాడు. అన్ని ఊళ్ళలోనూ కాస్త కాస్త తగ్గింది. ఒక్క ఊళ్ళో మాత్రం రోజుకు లక్షా ఎనభై వేలున్నది ఏకంగా ఏడు వేలయింది. గంటన్నర ప్రయాణం. ఆ ఊళ్ళో తూనీగను నెత్తిన పెట్టుకున్న మహానుభావులెవరో, వాళ్ళకేం కష్టం వచ్చిందో చూసొస్తానని బయల్దేరాడు.

ఎక్కువ వెతికే పని పడలేదు. బస్సు దిగి తలెత్తాడు. బస్టాండులో పద్నాలుగు ప్లాట్‌ఫారాలు. ఒక్కోదాని మీద ఒక్కో తెర. ఆ పద్నాలుగింటి మీదా తను సంతకం పెట్టిన పెట్టె, తలుపంత పెద్దదై, బస్సుల వేళల్ని కప్పేసి నిలబడి ఉంది. 'నన్నే మీ అసలు బ్రౌజరుగా పెట్టుకోండి!' కింద మూటలూ పిల్లలూ పట్టుకున్న జనం మెడలు సాచి చూస్తున్నారు.

"ఎవర్ని పెట్టుకోమంటున్నాడే వీడు?" అంటోంది ఒక ముసలావిడ. "నా బస్సు చెప్పమనవే ముందు."

టెస్టింగాయనకు తల కొట్టేసినట్టయింది. ఎంక్వైరీ కిటికీ దగ్గర ఇరవై మంది వరస. లోపల యాభై ఏళ్ళావిడ, ముక్కు మీద కళ్ళజోడు, ఒక చేత్తో మౌసు నొక్కుతూ నోటితో వేళలు చెబుతోంది. ఒక తెరకు 'తరవాత' నొక్కి, వరసలోవాళ్ళకు జవాబు చెప్పి రెండోదానికి వచ్చేసరికి పది నిమిషాలు పడుతోంది. ఆ పది నిమిషాలకు మొదటి తెర మీద పెట్టె మళ్ళీ లేస్తోంది.

తను ఫలానా అని చెప్పుకున్నాడు. చెప్పుకోకపోతే బాగుండేది.

"నువ్వేనా!" అంది ఆవిడ. "రావయ్యా రా, నీకోసమే చూస్తున్నా. ఏం ద్రోహం చేశాన్రా మీకు?"

"ఒక్క మాటమ్మా. అసలు మా తూనీగ ఇక్కడికెలా వచ్చింది?"

"నేనే పెట్టా. అంతకుముందు పెద్ద కంపెనీది ఉండేది. పూటకో ప్రశ్న అడిగేది. నేను జనానికి జవాబులు చెప్పాలా, దానికి చెప్పాలా? మీది నోరెత్తేది కాదు. ముంగిలా కూచుని పని చేసుకుపోయేది. అందుకని పెట్టా. నాలుగేళ్ళు బంగారంలా ఉంది. ఇప్పుడు దానికీ నోరొచ్చింది."

అప్పటికి అతనికి లెక్క అర్థమైంది. ఆ వేళల పేజీ అయిదు సెకన్లకోసారి తనంతట తానే మళ్ళీ తెరుచుకుంటుంది. పద్నాలుగు తెరలు, రోజుకు పద్దెనిమిది గంటలు. లెక్కల సంస్థ లెక్కపెట్టేది మనుషుల్ని కాదు, తెరుచుకున్న పేజీల్ని. పెట్టె లేచి జవాబు కోసం నిలబడితే పేజీ ఆగిపోతుంది. ఈ నాలుగేళ్ళూ తొమ్మిది మందికి కూడు పెట్టింది ఈ కిటికీ వెనకావిడ ఒక్కతే. తామే ఆమె కంట్లో పెట్టె పొడిచారు.

"రేపు పొద్దున పెద్ద కంపెనీ మనిషి వస్తున్నాడు," అంది ఆవిడ. "ఇప్పుడు మాది బాగుపడిందమ్మా అన్నాడు. వాళ్ళదే పెట్టేస్తా."

"అమ్మా, నాక్కూడా రేపొక్క పూట ఇవ్వండి. మీకు దండం పెడతా."

ఆవిడ ఒక కాగితం తీసి మధ్యకు గీత గీసింది. "సరే. బేసి ప్లాట్‌ఫారాలు నీవి, సరి ప్లాట్‌ఫారాలు అతనివి. ఎనిమిది నుంచి పన్నెండు దాకా. తెర మీద కనపడాల్సిన సంగతి ఎవరైనా నా దగ్గరికొచ్చి అడిగారంటే ఒక గీత. ఎవరికి గీతలు తక్కువో వాళ్ళది ఉంటుంది. ఇంకో మాట మాట్లాడొద్దు."

టెస్టింగాయన బయటికొచ్చి కళ్ళద్దాలమ్మాయికి ఫోన్ చేశాడు.

"అమ్మాయ్, ఈ బస్టాండు వరకు పెట్టె తీసేసిన తూనీగ కావాలి. ఎంతసేపు పడుతుంది?"

"తీయడానికేముంది అన్నయ్యా, అరగంట. కానీ సార్‌ను అడగాలిగా?"

"అడిగితే ఒప్పుకోడు. నా పేరు రాసుకుని చెయ్యి. తాళం పడినా పెట్టె వల్లే పడుతుంది, ఉద్యోగం ఊడినా పెట్టె వల్లే ఊడుతుంది. నాకు రెండూ ఒకటే."

మర్నాడు ఏడున్నరకు కారు దిగిన పెద్ద కంపెనీ మనిషి ఎవరో వేరే చెప్పాలా? బావమరిదే. మెడలో టై, చేతిలో ఏనుగు బొమ్మ వేసిన గొడుగులు నాలుగు.

"అరె, బావా! మీరేంటి ఇక్కడ? బస్సెక్కడానికొచ్చారా?"

"నిన్ను ఎక్కించడానికొచ్చా."

"ఏమిటీ, మీరిద్దరూ బావా బావమరుదులా?" అంది ఎంక్వైరీ ఆవిడ గొడుగుల్ని పక్కకు నెట్టి. "అయితే చోద్యం బాగుంటుంది. కానివ్వండి."

మొదటి గంట ఏనుగుదే. అక్షరాలు గుమ్మడికాయలంత ఉన్నాయి. రంగులు మెరుస్తున్నాయి. తూనీగ తెరలు వాటి పక్కన ఉతికి ఉతికి వెలిసిపోయిన చొక్కాల్లా ఉన్నాయి. బావమరిది చేతులు కట్టుకుని నవ్వాడు. "తొమ్మిదింటికి గుడ్మార్నింగ్ ఇక్కడే చెప్పేస్తారా బావా?"

తొమ్మిదీ పదికి సరి ప్లాట్‌ఫారాల మీద ఏడు తెరల్లో ఒకేసారి చిన్న పెట్టె లేచింది: 'మీరు ఎక్కడున్నారో తెలుసుకోవచ్చా?'

"బస్టాండులో ఉన్నాన్రా నాయనా!" అని అరిచాడు నెత్తిన బుట్ట పెట్టుకున్న ఒకాయన. నాలుగో ప్లాట్‌ఫారమంతా ఘొల్లుమంది. ఆరుగురు కిటికీ దగ్గరికి పరిగెత్తారు. ఆవిడ ఆరు గీతలు గీసింది.

బావమరిది లోపలికి దూరి మౌసందుకుని మూశాడు. తొమ్మిదీ ముప్పావుకు 'ఈ పేజీని మరో భాషలోకి మార్చమంటారా?' అంది. కంగారులో వాడు 'అవును' నొక్కాడు. ఊళ్ళ పేర్లన్నీ ఎవరికీ రాని భాషలోకి వెళ్ళిపోయాయి. ఇరవై రెండు గీతలు. పదిన్నరకు 'మేము మీకెలా అనిపిస్తున్నాం? నక్షత్రాలివ్వండి' అని అయిదు నక్షత్రాలు మెరిశాయి. పది పన్నెండు మంది కింద నిలబడే అభిప్రాయాలు చెప్పారు. అవి ఇక్కడ రాయదగ్గవి కావు.

"ఆపేయరా అబ్బాయ్ వాటిని," అన్నాడు టెస్టింగాయన జాలేసి. "మీవాళ్ళకు ఫోన్ చెయ్యి."

"చేశా బావా," అన్నాడు వాడు టై వదులు చేసుకుంటూ. "ఈ ప్రశ్నల సంగతి చూసేది వేరే అంతస్తట. అర్జీ పెట్టమన్నారు. మూడు నెలలు పడుతుందట."

పదకొండింటికి టెస్టింగాయన అయిదో తెర ఒక్కసారిగా నల్లబడింది. నిచ్చెన తెప్పించి ఎక్కి చూస్తే వైరు వదులైంది, అంతే. కింద మెడలు సాచి నిలబడ్డ జనాన్ని చూస్తూ బిగించి దిగేలోపు తొమ్మిది గీతలు పడ్డాయి. "వైరు మాది కాదమ్మా," అని మొత్తుకున్నాడు. "తెర నీది," అంది ఆవిడ.

పన్నెండయింది. అతనివి తొమ్మిది, బావమరిదివి అరవై మూడు. ఆవిడ గొడుగులు నాలుగూ తిరిగి ఇచ్చేసింది.

ఒకటో తారీఖున బొమ్మ వచ్చింది. ఒకటి పాయింటు సున్నా ఒకటి. దారప్పోగు తెగలేదు. యజమాని కుర్చీ ఎక్కినంత పని చేశాడు. స్పీకర్లో పెద్దమనిషి గొంతు కూడా మెత్తబడింది.

"చూశారా? అడిగాం, బతికాం!" అన్నాడు యజమాని. "పెట్టె గొప్పతనం. ఇప్పుడు పది నిమిషాలకు కాదు, రెండు నిమిషాలకోసారి లేపుదాం. రేపే అందరికీ పంపించెయ్యండి."

టెస్టింగాయన లెక్క వేసుకున్నాడు. నోరు మూసుకుంటే ఈ పూటకు మెచ్చుకోలు దక్కుతుంది. రేపు ఆ కొత్త పెట్టె బస్టాండు మీదా పడుతుంది. నోరు తెరిస్తే, చెప్పకుండా తూనీగను మార్చినందుకు ఇప్పుడే పోతాడు. ఎటుపోయినా ఆ చివర్న తొమ్మిదింటికి గుడ్మార్నింగే. అప్పుడతనికి నిచ్చెన మీంచి చూసిన జనం కనపడ్డారు.

"పెట్టె లేదండీ," అన్నాడు.

"ఎక్కడ లేదు?"

"పెట్టె ఉన్నచోట జనం పోయారు. లేనిచోట ఉన్నారు. బస్టాండుకు వెళ్ళి నేనే తీసేయించా."

అతను తెరల సంగతీ, పేజీ సంగతీ మొత్తం చెప్పేశాడు. యజమాని కుర్చీలో కూలబడ్డాడు. "అంటే... మన వాటా ఒక బస్టాండా?"

స్పీకరు గరగరమంది. "ఆ బస్టాండు తీసేస్తే మనకెంత?"

"సున్నా పాయింటు సున్నా ఆరండీ."

"ఆ తెరల కింద రోజుకెంతమంది నిలబడతారు?"

"ఇరవై వేలకు పైనే."

"ఎవరూ తిట్టట్లేదా?"

"ఇప్పుడు తిట్టట్లేదండీ. అక్కడ బ్రౌజరొకటి ఉందనే వాళ్ళకు తెలీదు."

స్పీకర్లో కాలిక్యులేటరు నొక్కుతున్న చప్పుడు వినిపించింది. తరవాత ఆ గొంతు అడిగింది: "అలాంటి బస్టాండులు ఎన్నున్నాయి?"

ఎవరికీ తెలీదు. అందరూ టెస్టింగాయన వైపు తిరిగారు.

అలా పెట్టెకు అన్నిచోట్లా సెలవిచ్చారు, అతను ఊళ్ళు పట్టుకు తిరగడం మొదలెట్టాడు. ప్రతి కిటికీ వెనకా ఎవరో ఒకరు పెట్టెలు మూసి మూసి విసిగిపోయినవాళ్ళే. ఎక్కువ చెప్పాల్సిన పని ఉండేది కాదు. "ఇది మాట్లాడదండీ," అంటే చాలు, కుర్చీ వేసేవారు. ఏడాది తిరిగేసరికి ముప్పై ఒక్క బస్టాండులయ్యాయి. ఎర్రగీత వేలెడు వెడల్పయింది.

ఒక్కటే ఇబ్బంది. తేడా వస్తే ఎవరికి చెప్పాలని మొదటి బస్టాండు ఆవిడ అడిగితే తన నంబరిచ్చాడు. ఆవిడ దాన్ని పెద్దక్షరాలతో రాయించి పద్నాలుగు తెరల కిందా అంటించింది. చూసి మిగతా ముప్పై చోట్లా అంటించారు. తెర చదవలేనివాళ్ళు, చదివే ఓపిక లేనివాళ్ళు, ఇంటి దగ్గర్నుంచి బయల్దేరాలా వద్దా అనుకునేవాళ్ళు, అందరూ ఇప్పుడు ఆ నంబరుకే ఫోన్ చేస్తారు.

"బాబూ, పదకొండున్నర బస్సు పోయిందా?"

"ఏ ఊరమ్మా? ఆఁ, పోలేదు. ఎనిమిది నిమిషాలు ఆలస్యం. మూడో ప్లాట్‌ఫారం. పరిగెత్తకండి, నిదానంగా రండి."