పురుగులున్న ఇంటి నుంచి

సాదలిలో పట్టుపురుగులు పెంచే ఇళ్ళకు ఒక కట్టుబాటు ఉంది. పురుగులు గూడు కట్టే వారంలో ఇంట్లోది ఏదీ బయటికి పోకూడదు. ఉప్పుకల్లు అడిగిన పొరుగువాళ్ళు సైతం వట్టిచేతులతో తిరిగిపోతారు, ఎవరూ నొచ్చుకోరు.

దాన్ని తాను నమ్ముతున్నదో లేదో వినుతకే తెలియదు. చింతామణిలో ఎమ్మెస్సీ చదువుతున్నది. రేపు కాలేజీలో రక్తదాన శిబిరం. తరగతి తరగతికీ తిరిగి, భయపడేవాళ్ళను ఒప్పించింది ఆమే. తేదీ కుదిర్చినప్పుడు, ఇంట్లో పురుగులు గూడు కట్టే వారం అదేనని తలపుకు రాలేదు.

"అందరినీ మంచాలెక్కించి నువ్వు నిలబడి చూస్తావా, లీడరమ్మా?" అని స్నేహితురాలు భాను అప్పుడే ఎగతాళి చేసింది.

పంట చెడితే ఇల్లంతా తననే అంటుంది. తాను మాత్రం అనుకోదా? ఆ ప్రశ్నే ఆమెను ఎక్కువ బాధించింది.

సాయంత్రం, ఇంకా గూటికి ఎక్కని పురుగులకు తట్టల్లో మల్బరీ ఆకు పరుస్తున్న అవ్వ అక్కయమ్మకు సంగతి చెప్పింది. అవ్వ చేయి ఆగింది.

"నెత్తురు ఇంట్లోదా, నీదా?"

"తెలీలేదవ్వా. నువ్వే చెప్పు."

"ఎవురికిస్తావే?"

"ఎవరికో. వాళ్ళ పేరు మనకు చెప్పరు, మన పేరు వాళ్ళకు చెప్పరు."

అక్కయమ్మ మరో గుప్పెడు ఆకు పరిచింది. పురుగులు ఆకు కొరికే సవ్వడి గదిని నింపింది.

"నువ్వు పుట్టిన పొద్దు మీ అమ్మకు నెత్తురు ఎక్కించిరి కదా, చిక్కబళ్ళాపురంలో. ఎవురిదో నేనడగనే లేదు. ఆ ఇచ్చినోళ్ళింట్లో గూడా అప్పుడు పురుగులు ఉన్నాయేమో, పాపా. ఉన్నా ఇచ్చినారేమో."

వినుత చిన్ననాటి నుంచి విన్న కథే. అందులో ఇంకొక ఇల్లు ఉందని ఇంతవరకు తోచలేదు.

"మరి రేపు?"

"పోయిరా. పురుగులకు నేను చెప్పుకొంటా. కడుపునిండా తిని పో, కండ్లు తిరిగి పడితే నలుగురూ నగుతారు."

మర్నాడు సూది దిగేటప్పుడు వినుత కళ్ళు మూసుకొన్నది. ముగిశాక, "ముట్టి చూడమ్మా" అని నర్సు నెత్తురు నిండిన సంచిని ఆమె అరచేతికి ఆనించింది.

వెచ్చగా ఉంది. తన ఒంటి వెచ్చదనమే, తన ఒంటి బయట. దాని మీద అంకెలే తప్ప పేరు లేదు. ఇంట్లో పురుగులు ఏమవుతాయో ఆమెకింకా తెలియదు. ఆనాడు అమ్మకిచ్చిన మనిషికీ ఏమీ తెలిసి ఉండదు.

పక్కమంచం మీది నుంచి భాను తల ఎత్తింది. "ఏమే, ఏడుస్తాండావా? అంత నొప్పా?"

"లేదే," అన్నది వినుత, చేయి తీయకుండా. "ఇంకా వెచ్చగానే ఉండాది."