నాలుగు వేళ్ళు ముందుకి

నేను ఒక కన్నాన్ని. చుట్టూ స్టీలు చట్రం, దాని లోపల నున్నటి పింగాణీ వలయం, నడుమ ఏమీ లేదు. ఆ ఏమీ లేని చోటుకోసమే మనుషులకి ఇంత గొడవ. గాలం రాడ్డుకి పిడి నుంచి కొస దాకా వరసగా రింగులుంటాయి చూశారా, వాటిలో దారం చుట్టి ఉండే రీలుకి అన్నిటికంటే దగ్గరగా ఉండే పెద్ద రింగుని నేనే. ప్రస్తుతం, వాడి వాడి పింగాణీ పగిలిపోయి, విశాఖపట్నంలో పైడిరాజు షాపులో ఒక పాత బిస్కెట్ల డబ్బాలో తుప్పు మేకుల మధ్య పడున్నాను. జాలి పడకండి. ఇక్కడ తీరికగా ఉంది.

పుట్టింది ఏదో సముద్రం అవతలి ఫ్యాక్టరీలో. అక్కడ నన్ను ఎవరూ ముద్దు చేయలేదు. స్టీలు రేకు మీద మిషను ఒక దెబ్బ వేసింది, ఇంకో మిషను వంచింది, మూడోది పింగాణీని నా లోపల బిగించింది. పెద్ద నుంచి చిన్న దాకా ఏడుగురిని ఒక ప్యాకెట్టులో కుక్కారు. మొదట కొన్నది ఒక బ్యాంకు ఆఫీసరు. రాడ్డు లేదు, రీలు లేదు, ఒక్క చేపని పట్టిన అనుభవం లేదు. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ మా ప్యాకెట్టు చూపించి, రాబోయే శీతాకాలంలో తాను పట్టబోయే పండుగప్ప చేప ఎంతుంటుందో చేతులు చాచి చెప్పేవాడు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. ఆయనకి బదిలీ అయినప్పుడు సామాను తగ్గించుకుంటూ మమ్మల్ని పైడిరాజుకి ఇచ్చేసి పోయాడు.

పైడిరాజుది పూర్ణా మార్కెట్ వెనక సందులో చిన్న షాపు. గాలాలు, దారం చివర బరువుకి కట్టే సీసపు గుండ్లు అమ్ముతాడు. ఎవరైనా అడిగితే వాళ్ళ చేతికి సరిపోయేలా రాడ్డు కట్టిస్తాడు. ఉత్త కర్రకి పిడి వేసి, రింగుల్ని ముందు టేపుతో అంటిస్తాడు. కొనేవాడి రీలు బిగించి బీచ్‌కి తీసుకెళ్ళి విసిరించి చూస్తాడు. రింగుల్ని ముందుకో వెనక్కో జరిపి, దారం గొడవ లేకుండా పోతోందని నమ్మకం కుదిరాకే పట్టుదారంతో చుట్టి పైన లక్కలాంటి పూత పోస్తాడు. పూత ఆరిందంటే ఇక కదలడం ఉండదు. పెళ్ళిచూపులు ముందు, తాళి తర్వాత, అంటాడు. మనుషులు తమ పెళ్ళిళ్ళ విషయంలో ఈపాటి జాగ్రత్త పడినట్టు నేనైతే చూళ్ళేదు.

ఆ షాపుకి ఒకరోజు కనకరత్నం అనే ఆవిడ వచ్చింది. ఆవిడ భర్త బోసుబాబు పోర్టులో క్రేను నడిపేవాడు. సెలవు దొరికితే చాలు బీచ్ రోడ్డు కింద బండరాళ్ళ మీదే ఉండేవాడట. అంతకుముందు ఏడాది పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది, వేళ్ళు కాస్త కదులుతాయి అంతే. నోటికి ఏ ఢోకా లేదని డాక్టరు చెప్పాడు, ఆయనే మాట మానేశాడు. అన్నం పెడితే తింటాడు, అడిగితే ఊ అంటాడు, గోడ వైపు తిరిగి పడుకుంటాడు.

"ఎడంచేత్తో విసరడానికి తేలిగ్గా, పొట్టిగా ఒకటి కట్టండి పైడిరాజు గారూ," అంది. "ఆయన్ని బతిమాలి బతిమాలి ఒప్పించాను. అల తెల్లగా విరుగుతుంది కదా, దాన్ని దాటి గుండు పడితే మళ్ళీ బీచ్‌కి వస్తానన్నారు. పడకపోతే సామానంతా ఎవరికైనా ఇచ్చేస్తారట, నేను మళ్ళీ సముద్రం మాట ఎత్తకూడదట."

"రీలు తెచ్చినారేటమ్మా?"

తేలేదు. రీలు అటక మీద ఉండిపోయింది. రీలు మర్చిపోయింది గానీ ముహూర్తం మాత్రం మర్చిపోకుండా తెచ్చింది. శుక్రవారం కదా, పదిన్నరకి రాహుకాలం వచ్చేస్తుందట, ఈలోగా మొదటి రింగుకి ముడి పడిపోవాలట.

"రీలు లేకుండా రింగెక్కడ ఎట్టాలో నాకెలాగ తెలుస్తాదమ్మా? ముందు ఇసిరి సూడాలి."

ఆవిడ ససేమిరా అంది. నిరుడు అమావాస్య నాడు కొత్త స్కూటరు తేవద్దని తను మొత్తుకుంటే ఆయన నవ్వాడట. ఆ నెల తిరక్కుండానే చెయ్యి పడిపోయిందట. "ఈసారి ఏదీ చెడు గడియలో జరగనివ్వను బాబూ. నాకు భయం," అంది. స్కూటరుకీ నరాలకీ ఏం సంబంధమో నాకు తెలీదు. పైడిరాజుకీ తెలీదు. కానీ ఒక ఆడమనిషి అలా నిలబడి భయం అంటే కాదనడం అతని వల్ల కాలేదు. తన రీలునే బిగించి, తనకి అలవాటైన కొలతలో నన్ను పెట్టి, పదిన్నర కాకముందే చుట్టేసి పూత పోసేశాడు. ఆవిడ నాకు ఇంత పసుపు కూడా రాసింది. నా జన్మలో అంత మర్యాద ఎన్నడూ జరగలేదు, ఒప్పుకోవాలి.

పూత ఆరాక ఒక ఉదయం ముగ్గురూ బండరాళ్ళ దగ్గరికి చేరారు. తను కట్టిన రాడ్డు మొదటిసారి నీళ్ళకి పోతుంటే పక్కన ఉండడం పైడిరాజుకి అలవాటు. బోసుబాబు ఎవరివైపూ చూడకుండా తన రీలు బిగించాడు. అది పాతకాలపు పెద్ద రీలు, దాని ముందు పైడిరాజు రీలు పసికూన. దాన్ని చూడగానే పైడిరాజు మొహం మాడింది. నాకూ అర్థమైంది. అంత వెడల్పు రీలు నుంచి దారం పెద్ద పెద్ద చుట్లుగా వదులుతుంది, ఆ చుట్లు సన్నబడడానికి కొంచెం దూరం కావాలి. నేనేమో రీలుకి ముక్కుమీద కూర్చున్నాను.

బోసుబాబు పిడిని పొట్టకి ఆనించుకుని ఎడంచేత్తో విసిరాడు. దారం బుస్సుమని వచ్చి నా మొహాన టపటపా కొట్టుకుంది, సగానికి సగం వేగం అక్కడే చచ్చింది. గుండు అలకి ఇవతలే పడింది. రెండోసారీ అంతే. మూడోసారి పళ్ళు బిగించి విసిరాడు, ఇంకా దగ్గర పడింది. కందకి లేని దురద కత్తిపీటకెందుకు అంటారు గానీ, ఆ క్షణాన నాకు చాలా చికాకేసింది. పోవలసిన దారాన్ని ఆపడానికి కాదు కదా నన్ను చేసింది.

ఆయన రాడ్డుని బండ మీద పెట్టేశాడు. "చెయ్యి పోయింది రత్నం," అన్నాడు నెమ్మదిగా. "రాడ్డుని అనడానికేం లేదు. ఇంటికి పోదాం. సామాను ఎవరికైనా ఇచ్చెయ్." ఏడాదిలో ఆయన అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడ్డం అదే మొదలని ఆవిడ ఏడుపు చూస్తే తెలిసింది.

"సెయ్యి కాదు బాబూ," అన్నాడు పైడిరాజు. "రింగు. మీ రీలుకి అది ముందుకి జరగాల. ఇప్పుడే కోసి జరిపీగలను."

కనకరత్నం గబుక్కున రాడ్డుని దగ్గరికి లాక్కుంది. "వద్దు. ముహూర్తంలో పడ్డ ముడి. కొయ్యకూడదు."

"కోయకపోతే ఇంతేనమ్మా."

"అది తెగితే ఆయనకేమన్నా అయితే?"

పైడిరాజు బ్లేడు చేతిలో పట్టుకుని పక్క బండ మీద కూర్చున్నాడు. బోసుబాబు అప్పటికే రోడ్డు వైపు తిరిగి, కుడికాలు ఈడుస్తూ బండలు ఎక్కడం మొదలుపెట్టాడు. ఆవిడ ఆయన వీపు వైపు చూసింది, నా వైపు చూసింది. నామీద ఇంకా పసుపు ఉంది. మనుషులు భయపడడం నేను చాలాసార్లు చూశాను, చేపలు జారిపోతాయని, వాన వస్తుందని. ఇది వేరు. ఈ భయమంతా ఆయనకోసమే, ఇందులో తనకోసం అంటూ ఏమీ లేదు.

"బ్లేడు ఇటివ్వండి," అంది. "మీరు కొయ్యొద్దు. దోషమంటూ ఉంటే నాకే తగలాలి."

పైడిరాజు ఎక్కడ కొయ్యాలో వేలితో చూపించాడు, కర్రకి గాటు పడకుండా, కర్రకి ఆనే నా స్టీలు పాదం మీదుగా. బ్లేడు రెండుసార్లు నామీంచి జారింది. పూత పెచ్చులుగా ఊడింది, పట్టుదారం పీచులుగా తెగింది. అది రాహుకాలమో, వర్జ్యమో, దుర్ముహూర్తమో ఎవరూ చూళ్ళేదు. బోసుబాబు పై బండ మీద ఆగి వెనక్కి తిరిగి చూస్తున్నాడు. తన భార్య ఏం చేస్తోందో, అది ఆవిడకి ఎంత కష్టమో ఆయనకి తెలిసినట్టుంది. మెల్లిగా మళ్ళీ కిందికి దిగి వచ్చాడు.

నన్ను టేపుతో రెండు వేళ్ళ దూరం కొస వైపు జరిపి అంటించారు. ఆయన విసిరాడు. టపటపలు తగ్గాయి, గుండు తెల్లటి నురగలో పడింది. ఇంకో వేలు. ఇంకాస్త నయం. నాలుగో వేలు కూడా జరిపాక దారం నన్ను తాకీ తాకనట్టు, గొంతులోంచి మంచినీళ్ళు దిగినట్టు దిగిపోయింది. ఉన్నానా లేనా అని నాకే అనుమానం వచ్చింది. మా జాతికి అంతకన్నా గొప్ప సుఖం లేదు.

గుండు అలని దాటింది. ఊరికే దాటడం కాదు, అవతల పచ్చటి నీళ్ళలోకి బాగా దూరం పోయి పడింది. పడిన చోట నీళ్ళు చిన్నగా లేచాయి. పైడిరాజు టేపు చుట్టని జేబులో పెట్టుకున్నాడు. బోసుబాబు ఆ చోటునే చూస్తూ నిలబడ్డాడు. ఏడాదిగా వాడని కుడిచెయ్యి రీలు మీదికి వచ్చి, బద్ధకంగానైనా దాని పిడి తిప్పడం మొదలుపెట్టింది.

"ఎక్కడ పడింది రత్నం?" అన్నాడు, తను చూడనట్టు.

ఆవిడ చేతిలో బ్లేడు అలాగే ఉంది. కళ్ళు గుండు పడిన చోటునే ఉన్నాయి, నిండుగా.

"నేను చూళ్ళేదండీ," అంది. "మళ్ళీ వెయ్యండి."