అద్దంలా తుడిచిన ఇల్లు

గోడ మీద 'ఇల్లు అద్దెకివ్వబడును' అని కాగితం ఉంటుంది. ఫోను చేస్తే మొదటి మాటకు ఉందంటారు. మనం రెండో మాట మాట్లాడేసరికి, ఇప్పుడే ఎవరో తీసుకున్నారంటారు.

"మన గొంతుకు మహిమ ఉందే," అనేది వదిన. "వినగానే ఖాళీ ఇళ్లన్నీ నిండిపోతాయి."

వదిన అంటే మా ఆయన అక్క. ఆయన పోయాక నన్ను ఈ దేశం తీసుకొచ్చి, తను చేసే ఆఫీసులు తుడిచే పనిలోనే పెట్టించింది. కంపెనీవాళ్లిచ్చిన గదిలో ఆరుగురం ఆడవాళ్లం, మంచం మీద మంచం వేసి పడుకునేవాళ్లం. అక్కడికి నా కూతుర్ని తెచ్చుకోవడానికి లేదు. నా పేరున అగ్రిమెంటు రాసిన ఇల్లుంటేనే దానికి వీసా. అది కూడా దానికి పద్దెనిమిదేళ్లు నిండేలోపే. నిండితే ఇక తల్లి వెంట రానివ్వరు. వానలు వెలిసేసరికి నిండుతాయి.

చివరికి తాళాలాయన దొరికాడు. మనవాడే. ఖాళీ ఇళ్ల తాళాలన్నీ నడుముకు కట్టుకుని తిరిగే బ్రోకరు. నడిచొస్తుంటే మెడలో గంటలు కట్టిన ఎద్దు వస్తున్నట్టే చప్పుడు.

"అక్కా, ఒకటుంది గానీ చూసి తిట్టకూడదు," అన్నాడు.

వెనక సందులో, కింది అంతస్తు. తలుపు తీయగానే ముక్కు మూసుకున్నాం. గోడలకు నల్లగా బూజు. పొయ్యి వెనక పలకల మీద పాత జిడ్డు బంకలా కారి గట్టిపడిపోయింది. కిటికీ అద్దంలోంచి వెలుగే రావడం లేదు. ఏడాదిగా ఎవరూ చేరలేదట.

"ఇందులో దయ్యాలు కూడా ఉండవు నాయనా, వాటికీ ఊపిరాడాలి కదా," అంది వదిన.

"అందుకే అద్దె సగం. అందుకే మనకిస్తున్నాడు," అన్నాడు తాళాలాయన. "కానీ ఒక షరతు. ముందొక నెల ఉండాలి. ఇంటాయన వచ్చి చూస్తాడు. మీ మీద నమ్మకం కుదిరితే అప్పుడు అగ్రిమెంటు."

నమ్మకం అంటే మాకు ఒకటే తెలుసు. పొద్దున్నే వెళ్లి ఎవరివో బల్లలు తుడిచి, ఎవరివో పాయిఖానాలు కడిగి, సాయంత్రం వచ్చి కొంగు బిగించేవాళ్లం. వదిన పాత చాకుతో జిడ్డు గీకేది. మోకాళ్లు నొప్పులని ఆఫీసులో మెట్లెక్కనిది, ఇక్కడ నేల మీద కూర్చునే మూలమూలకూ పాకింది. సోడా పొడి ముద్ద చేసి పొయ్యికి పట్టించాం. బూజు గోకి, మందునీళ్లతో కడిగి, ఆరబెట్టి, పనిచోట మిగిలిపోయిన తెల్ల రంగు మా మేస్త్రీని అడిగి తెచ్చి వేశాం. కిటికీ అద్దాన్ని తడి గుడ్డతో ఒకసారి, న్యూస్‌పేపరుతో ఒకసారి తుడిచాం. మా పని తీరే అంత. మరక కనిపిస్తే చెయ్యి ఊరుకోదు.

"చూసుకోనీ ఆ ఇంటాయన్ని," అంది వదిన. "మనం ఎలాంటివాళ్లమో నోటితో చెప్పక్కర్లేదు."

ఫోనులో చూపిస్తే నా కూతురు ఆ కిటికీ పక్క మూల తనదంది. "అత్తా, గురక పెడితే మాత్రం నిన్ను వంటింట్లో పడుకోబెడతా," అంది. "రావే, ముందు రా," అంది వదిన. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

ఇంటాయన రానే వచ్చాడు. వాకిట్లో తడి ఉన్నా చెప్పులతోనే లోపలికి నడిచాడు. పలకల మీద వేలు పెట్టి రాశాడు, వేలు చూసుకున్నాడు. గోడ తట్టాడు. కిటికీ ముందు కాసేపు నిలబడ్డాడు. మమ్మల్ని చూసి నవ్వి ఏదో అని మెచ్చుకున్నాడు కూడా. నేను పెన్ను చేతిలో పట్టుకుని ఉన్నాను. ఆయన తాళాలాయన్ని బయటికి పిలిచాడు.

తాళాలాయన తిరిగి వచ్చేటప్పుడు తాళాలు చప్పుడు కాకుండా చేత్తో పట్టుకుని వచ్చాడు.

"ఏమన్నాడు?"

"ఈ ఇల్లు ఇంత బాగుంటుందని తనకే తెలీదన్నాడక్కా."

"అయితే సంతకం పెడతాడా?"

అతను నా వైపు చూడలేదు. "ఇప్పుడు దీనికి ఇక్కడివాళ్లే వస్తారట. పూర్తి అద్దెకి. మిమ్మల్ని ఆదివారానికి ఖాళీ చెయ్యమన్నాడు."

వదినకు అర్థం కావడానికి కాస్త సేపు పట్టింది. అర్థమయ్యాక అతని మీద విరుచుకుపడింది. "శుభ్రం చెయ్యొద్దని ముందే ఏడవలేకపోయావా?"

"సంతకమయ్యేదాకా కాస్త మురికి ఉంచుకుంటారనుకున్నా," అన్నాడతను. "అందరూ అంతే చేస్తారక్కా."

ఆ మిగిలిన నాలుగు రోజులూ తాళాలాయన కాళ్లరిగేలా తిరిగాడు. ఎక్కడా దొరకలేదు. కూతురి పుట్టినరోజులోపు ఇంకో ఇల్లు, ఇంకో నెల, ఇంకో సంతకం అయ్యే పని కాదని నాకు తెలుసు.

ఆదివారం మూటలు కట్టేశాం. వదిన మూకుడులో మిగిలిన మాడునూనె పట్టుకుని తెల్ల గోడ ముందు నిలబడింది. "పోసేస్తానే. ఎట్లా ఉన్నదాన్ని అట్లాగే ఇచ్చేస్తాను." చెయ్యి ఎత్తింది కూడా. నేను వద్దనలేదు. ఎత్తిన చెయ్యి అట్లాగే ఉండిపోయింది. తర్వాత మూకుడు కింద పెట్టి, ఆ రోజు నుంచీ మేం ముట్టకుండా వదిలేసిన, గడప దగ్గర ఎండిపోయిన ఇంటాయన చెప్పు మరక చూసి, కొంగు తడిపి తుడిచింది.

"ఈ పాడు చెయ్యి ఊరుకోదే," అంది.

అప్పుడే నా కూతురు ఫోను చేసింది. ఇంక దాచలేక చెప్పేశాను. ఏడుస్తుందేమో అనుకున్నాను.

"అమ్మా, నా కిటికీలోంచి ఏం కనిపిస్తుంది?" అని అడిగింది.

నెల రోజులు ఆ అద్దాన్ని తుడిచామే గానీ, దానిలోంచి బయటికి ఎప్పుడూ చూడలేదు. వెళ్లి నిలబడ్డాను. సందు. ఎదుటి గోడ. గోడకు ఆనించి ఒక సైకిలు.

"సైకిలుంది తల్లీ," అన్నాను. "ఎర్రది."