ఇరవై రెండు గళ్ళు, ఒక్క గీత

మిట్టమధ్యాహ్నం, సరుకుల మార్కెట్ నడిబొడ్డున, అంబులెన్సు తలుపులు బార్లా తెరుచుకుని ఉండగా, వందమంది కళ్ళప్పగించి చూస్తుండగా, ఒక మనిషికి గాలి అందకుండా పోయింది. లోకంలో గాలికి కరువొచ్చి కాదు. బస్తాల వరస విరిగి ఛాతీ మీద పడ్డ హమాలీకి కావలసింది సిలిండర్లో ఉండే గాలి. సిలిండర్ ఉంది. సిలిండర్ మీద మీటర్ ఉంది. మీటర్లో ముల్లు కూడా ఉంది. అది సున్నా మీద పడుకుని ఉంది, భోజనం ముగించిన గుమాస్తాలా.

"బాబాయ్, ఆక్సిజన్ లేదు!" అని వెనకనుంచి ఒక ఆడపిల్ల అరిచింది.

"సరిగా తిప్పు తల్లీ! రెండు చుట్లు తిప్పు!" అన్నాడు డ్రైవర్ స్టీరింగ్ దగ్గర్నుంచి.

"పది చుట్లు తిప్పాను బాబాయ్! ఖాళీ!"

ఆ పిల్లకి పంతొమ్మిదేళ్ళు. పారామెడిక్ కాలేజీలో రెండో ఏడు. గొంతు విప్పితే మూడు వీధులకి వినపడుతుంది గనక కాలేజీలో ఆమె పేరు సైరన్. రూలు ప్రకారం బండిలో టెక్నీషియన్ పని చేయాలి, సైరన్ పక్కన కూర్చుని నేర్చుకోవాలి. ఆ టెక్నీషియన్ సీటు ఏడాదిగా ఖాళీ. నేర్చుకునే పిల్లలు ఊరికే దొరుకుతుంటే పని తెలిసినవాణ్ణి జీతమిచ్చి పెట్టుకునేంత వెర్రివాడా ఈ అంబులెన్సులు నడిపే కాంట్రాక్టరు?

సైరన్ మాస్కు అదిమిపట్టి, చేత్తో రబ్బరు బ్యాగు నొక్కుతూ పోయింది. మనిషి పెదాలు నీలంగా మారాయి. ఆసుపత్రి గేటు దగ్గర ఒకసారి ఆమె మణికట్టు పట్టుకున్నాడు, ఏదో అడగబోతున్నట్టు. ఆ పట్టు వదిలిపోయింది.

ఆ సిలిండర్ నిండుగా ఉందని ఆ పొద్దున కాగితం మీద రాసింది సైరనే.

ఎలా రాసిందో చెప్పాలి. చదువుకునే పిల్లలూ, షిఫ్టులు చేసే అన్నలూ, మీ మీ చోట్ల మీరూ ఇలాంటి కాగితాల మీద రాస్తూనే ఉంటారు గనక జాగ్రత్తగా వినండి. రోజూ పొద్దున బళ్ళషెడ్డులో ఒక్కో బండికి ఒక్కో కాగితం ఇస్తారు. దాని మీద ఇరవై రెండు గళ్ళుంటాయి. ఆక్సిజన్ ఒక గడి, షాకిచ్చే యంత్రం బ్యాటరీ ఒక గడి, కట్టుగుడ్డలు ఒక గడి. ఒక్కోటీ తెరిచి, చూసి, టిక్కు పెట్టాలి. దానికి అరగంట పడుతుంది. బండి మాత్రం అయిదు నిమిషాల్లో గేటు దాటాలి. దాటకపోతే కాంట్రాక్టరు సూపర్‌వైజర్ ఈల వేస్తాడు. అందుకని పిల్లలందరికీ ఒక విద్య వచ్చు. పెన్ను మొదటి గడిలో పెట్టి ఇరవై రెండో గడి దాకా సర్రున లాగడం. ఒక్క గీత. బండి ఆరోగ్యంగా ఉన్నట్టే.

ఆ విద్య నేర్పింది పల్స్ సార్, కాలేజీలో వాళ్ళకి పాఠాలు చెప్పే ఆయన.

ఎదురుపడ్డ ప్రతి పిల్లవాడి మణికట్టూ పట్టుకుని "డెబ్భై ఆరు, భయం లేదు ఫో" అనే మనిషి. అందుకే ఆ పేరు. ప్లాస్టిక్ బొమ్మ ఛాతీ మీద చేతులెలా వెయ్యాలో, ఎంత లోతుకు నొక్కాలో సైరన్‌కి నేర్పింది ఆయన. తండ్రి లేని పిల్లకి సైరన్ అని పేరు పెట్టింది కూడా ఆయనే. "సార్ ఉండగా నాకేం కాదమ్మా" అని సైరన్ తల్లితో చెప్పేది. మొదటి రోజు షెడ్డులో ఆమె గడిగడికీ ఆగి చూస్తుంటే, వెనకనుంచి వచ్చి, ఆమె చేతిని తన చేతిలోకి తీసుకుని పైనుంచి కిందకి గీయించాడు. "ఇదీ పద్ధతి. లేకపోతే సాయంత్రం దాకా ఇక్కడే కాపురం పెడతావు" అని నవ్వాడు. ఆమె కూడా నవ్వింది.

మర్నాడు కాలేజీ హాల్లో విచారణ పెట్టారు. పేరుకే విచారణ. విచారం అమ్మాయిది, రణం కాంట్రాక్టరుది. వేదిక మీద ప్రిన్సిపాల్, కాంట్రాక్టరు, పల్స్ సార్. కింద క్లాసు మొత్తం, నలభై మంది.

కాంట్రాక్టరు కాగితం ఎత్తి చూపించాడు. "ఆక్సిజన్ ఉందని గీత గీసింది ఎవరు?"

"నేనే సార్."

"చూసి గీశావా, చూడకుండానా?"

"చూడలేదు. ఎవరం చూడం సార్. అందరం అలాగే గీస్తాం. సారే నేర్పారు." సైరన్ పల్స్ సార్ వైపు తిరిగింది. సాక్ష్యం కోసం కాదు. తండ్రి వైపు తిరిగినట్టు తిరిగింది.

పల్స్ సార్ కళ్ళజోడు తీసి తుడిచాడు. మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఒక్కో గడీ చూసి టిక్కు పెట్టమనే నేను నేర్పాను. మా పాఠంలో అలాగే ఉంది. ఈ అమ్మాయి తొందర మనిషి. ముందునుంచీ అంతే."

సైరన్ వెనక్కి చూసింది. నలభై మంది. నలభై పెన్నులు రోజూ గీసిన గీతే. ఒకడు చెప్పుల వంక చూశాడు, ఒకతి కిటికీ వంక చూసింది. ఎప్పుడూ నోరు మూతపడని గుండుగాడు కూడా చూయింగ్ గమ్ మింగి ఊరుకున్నాడు. నెలలో ఆఖరి పరీక్ష. సర్టిఫికెట్ వచ్చేవేళ ఎవడి నోరు లేస్తుంది? నమ్మకానికీ అమ్మకానికీ ఒక్క అక్షరమే దూరం. ఆ అక్షరం ఆ పూట హాల్లో అందరూ దాటేశారు.

సాయంత్రం పల్స్ సార్ సైరన్ ఇంటికొచ్చాడు. సైరన్ తల్లి ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఉతికే మనిషి. ఆవిడ కుర్చీ తుడిచి వేసింది. ఆయన కూర్చోలేదు. మడిచిన కాగితం తీశాడు.

"తప్పు పూర్తిగా నాదే, ఇంకెవరికీ సంబంధం లేదు అని రాసుంది. సంతకం పెట్టమ్మా. పరీక్ష రాయనిస్తారు. లేదంటే పోలీసు కేసు."

"సార్," అంది సైరన్. గొంతు పెద్దది కాలేదు. "మొదటి రోజు నా చెయ్యి పట్టుకున్నారు, గుర్తుందా?"

"నా ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదమ్మా. నాకూ ఇద్దరు పిల్లలు."

తల్లి మధ్యలోకి వచ్చింది. "అయ్యా, మీకు ఇద్దరు. నాకు ఒక్కతి. మీ ఇద్దరికోసం నా ఒక్కదాన్ని అడుగుతున్నారు. లెక్క బాగానే ఉంది. కాగితం తీసుకెళ్ళండి."

ఆయన అలవాటు కొద్దీ సైరన్ మణికట్టు అందుకోబోయాడు. ఆమె చెయ్యి వెనక్కి లాక్కుంది.

మర్నాడు మధ్యాహ్నం బొమ్మల గదిలో, అంటే ప్లాస్టిక్ రోగుల మీద పాఠాలు నేర్చుకునే గదిలో, నలభై మందీ చేరారు. పిలిచింది గుండుగాడు.

"నేను నిన్న పిరికిపంద పని చేశాను. సైరన్ కాకపోతే ఆ బండి నాది. నా గీత కూడా ఇంత పొడుగే. ఇదిగో, నా రికార్డు పుస్తకంలో పసుపు కాపీలున్నాయి. డెబ్భై కాగితాలు, డెబ్భై గీతలు."

"నావీ ఉన్నాయి," అంది కిటికీ వంక చూసినమ్మాయి.

"అయితే రేపు బంద్! ఒక్క బండి కదలకూడదు!" అని వెనకనుంచి ఎవరో అరిచారు. గది హోరెత్తింది.

"ఆగండ్రా!" సైరన్ లేచింది. రెండు రోజుల తర్వాత ఆ గొంతు బయటికొచ్చింది. "బంద్ చేస్తే చచ్చేది ఎవరు? కాంట్రాక్టరుకి గుండెనొప్పొస్తే సొంత కారుంది. బండి కోసం ఎదురుచూసేది మార్కెట్ మనుషులు, మా అమ్మలాంటివాళ్ళు. ఒకడు పోయింది చాలు."

"మరి నోరు మూసుక్కూర్చోమంటావా?"

జవాబు చెప్పేలోగా తలుపు దబ్బున తెరుచుకుంది. పాతిక మంది హమాలీలు. ముందు నిలబడ్డవాడు పోయినవాడి అన్న. మార్కెట్లో అందరికీ పెద్దన్న. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"మా తమ్ముణ్ణి చంపింది ఎవత్తె?"

గుండుగాడు అడ్డం వెళ్ళబోయాడు. సైరన్ వాణ్ణి పక్కకి తోసి ముందుకొచ్చింది.

"నేనే అన్నా. గీత నాది. చూడకుండా గీశాను. అది ఎవరిమీదకీ నెట్టను." "కానీ ఖాళీ సిలిండర్ నాది కాదు. నింపాల్సినవాడు వేరు. నా పక్కన కూర్చోవాల్సినవాణ్ణి తీసేసినవాడు వేరు. చూసే టైము లేకుండా ఈల వేసినవాడు వేరు. నన్ను కొట్టాలంటే కొట్టు. కొట్టాక మాత్రం ఇంటికెళ్ళకు. నాతో రా."

పెద్దన్న చెయ్యి లేచింది. పైన ఆగింది.

"నిన్న మీ సారొచ్చాడు మా ఇంటికి," అన్నాడు చివరికి. "కాలేజీ తప్పు ఏమీ లేదు, పిల్ల తప్పు అన్నాడు. ఇక్కడ పిల్లేమో నా తప్పు ఉందంటోంది. తప్పు లేనివాడు ఇంటింటికీ ఎందుకు తిరుగుతున్నట్టు?" చెయ్యి దించాడు. "మా బస్తాలు కూడా అంతే. ఎత్తు పెంచొద్దంటే వినరు. కూలితే వరస పేర్చినవాడిది తప్పంటారు. ఏం చేద్దామంటావు చెప్పు."

"సార్ ఏం నేర్పానన్నారో అదే చేద్దాం," అంది సైరన్.

తెల్లవారి, షిఫ్టు మారే వేళకి గంట ముందు, షెడ్డులో నలభై ఒక్కమంది ట్రైనీలు, పదకొండు బళ్ళు, గోడ పొడుగునా హమాలీలు. సైరన్ మొదటి బండి ఎక్కి గొంతెత్తింది.

"ఒకటో గడి! ఆక్సిజన్!"

"సగం!" అని లోపలినుంచి గుండుగాడు.

"సగానికి టిక్కు లేదు! రెండో గడి! సక్షన్!"

"మూలుగుతోంది, పీల్చడం లేదు!"

"షాకు యంత్రం!"

"ఆన్ అయితేనే మనకి షాకు!"

హమాలీలు నవ్వారు, ఆ తర్వాత నవ్వలేదు. వాళ్ళకీ అర్థమైంది, తమని ఏ పెట్టెల్లో మోస్తున్నారో. సూపర్‌వైజర్ ఈల వేశాడు. ఎవరూ తిరిగి చూడలేదు. మళ్ళీ వేశాడు. పెద్దన్న వెళ్ళి ఆ ఈలని నోట్లోంచి సున్నితంగా తీసి వాడి జేబులోనే పెట్టాడు.

ఒక బండిలో ఉన్నది తీసి ఇంకో బండిలో లేనిచోట పెట్టారు. అయిదు బళ్ళు చూసేసరికి మూడు నిండు బళ్ళు తేలాయి. ఒక్కోదాంట్లో ఇద్దరేసి ట్రైనీలు కూర్చున్నారు. మిగతా రెంటికీ అద్దం మీద కాగితం అంటించారు: ఈ బండి రోగి.

డ్రైవర్ బాబాయి తాళాలు జేబులో వేసుకుని, బీడీ వెలిగించబోయి, ఆక్సిజన్ గుర్తొచ్చి చెవిలో పెట్టుకున్నాడు. "నిండిన బండి ఎక్కడికైనా నడుపుతాను. ఖాళీ బండి ఇంక చచ్చినా నడపను. ఇరవై ఏళ్ళు నడిపాను. వెనక ఏముందో ఒక్కసారీ తిరిగి చూళ్ళేదు," అన్నాడు. ఆ మాట పిల్లలతో అన్నాడో, తనతోనే అనుకున్నాడో.

ఎనిమిదింటికి కాంట్రాక్టరు కారొచ్చింది. దాని వెనక పోలీసు జీపు. జీపులోంచి పల్స్ సార్ కూడా దిగాడు, పిల్లలకి నచ్చజెప్పడానికి.

"పిల్లలూ, ఇది మీ భవిష్యత్తు..." అని మొదలెట్టాడు.

సైరన్ అయిదు కాగితాలూ ఆయన ముందు పెట్టింది. "సార్, ఒక్కో గడీ చూసి టిక్కు పెట్టాం. మీరు నేర్పానన్నట్టే. పరిశీలించిన అధ్యాపకుడు అనే చోట మీ సంతకం కావాలి."

షెడ్డంతా ఆయన వంకే చూసింది. సంతకం పెడితే సిలిండర్లు ఖాళీ అని ఒప్పుకున్నట్టు. పెట్టకపోతే హాల్లో అన్న మాట అబద్ధమని ఒప్పుకున్నట్టు. ఆయన పెన్ను తీశాడు. కాంట్రాక్టరు గొంతు సవరించుకున్నాడు. ఆయన పెన్ను మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

"డెబ్భై ఆరు కాదు సార్ ఇప్పుడు మీది," అన్నాడు గుండుగాడు. వాడి కళ్ళలో నీళ్ళున్నాయి. వాడికీ ఆయనే గురువు.

ఇన్‌స్పెక్టర్ ముందుకొచ్చాడు. "మీ లీడరెవడు?"

"లీడర్లేడు. కాగితం ఉంది," అంది సైరన్.

"హమాలీ చావు కేసులో నిన్ను అరెస్టు చేస్తున్నాం. ఎక్కు."

ఆమె చేతిలోని కాగితాలు, హాల్లో కిటికీ వంక చూసినమ్మాయికిచ్చి జీపెక్కింది. గేటు బయట తల్లి, లాండ్రీలోని ఆడవాళ్ళందరితో, తడి చేతులతో నిలబడి ఉంది. ఏడవలేదు. "అన్నం తినే వచ్చింది, రెండు రోజులు తట్టుకుంటుంది," అని ఇన్‌స్పెక్టర్‌కి చెప్పింది, తన కూతుర్ని కాదు అతన్నే హెచ్చరిస్తున్నట్టు.

జీపు కదలబోయింది. గేటుకడ్డంగా పెద్దన్న కూర్చున్నాడు. అతని వెనక పాతిక మంది, వాళ్ళ వెనక లాండ్రీ ఆడవాళ్ళు, వాళ్ళ వెనక ట్రైనీలు. చూస్తుండగా గేటు గోడయింది.

అప్పుడు కంట్రోల్ రూమునుంచి ఫోను. స్కూలు దగ్గర బస్సు తిరగబడింది. డ్రైవర్ బాబాయి ఒక నిండు బండిలోకి దూకాడు, మిగతా రెంటిలోకి ఇంకో ఇద్దరు డ్రైవర్లు. గుండుగాడు వెనకెక్కాడు. కూర్చున్న జనం ఒక్క మాట లేకుండా లేచి రెండుగా చీలారు. మూడు బళ్ళూ ఒకదాని వెనక ఒకటి దూసుకుపోయాయి. వెనకే సందు దొరికిందని జీపు ముందుకురికింది.

జనం మళ్ళీ కూర్చున్నారు. జీపు బంపరు పెద్దన్న మోకాలికి ఆనింది.

"ఎంతసేపు కూర్చుంటారయ్యా మీరు?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

పెద్దన్న తలగుడ్డ విప్పి మొహం తుడుచుకున్నాడు. "ఇంకా ఆరు బళ్ళు చూడాలంట సార్."

లోపల, కిటికీ వంక చూసినమ్మాయి ఆరో బండి ఎక్కి, "ఒకటో గడి! ఆక్సిజన్!" అంది. గొంతు చిన్నది. మొదటిసారి ఎవరికీ వినపడలేదు. రెండోసారి జీపులో కూర్చున్నవాళ్ళకి కూడా వినపడింది.