ఆరో గేటు

"గేమ్ నడుస్తోందమ్మా," అన్నాడు కంప్యూటర్ మెకానిక్. "మూడు వారాలు నా ప్రాణం తోడేసింది ఈ ఫ్లాపీ. అనుమానం లేకుండా నేనే ఒక ఆట ఆడి చూశాను. లెక్క తప్పకుండా ఎలుకల్ని వంతెన దాటించాలంటే తల ప్రాణం తోకకొచ్చింది."

"మా చిట్టి ఆరో గేటు దాకా వెళ్లింది బాబూ," అంది ఆవిడ నవ్వుతూ.

చిట్టి తొమ్మిదో ఏట పోయింది. పాతికేళ్లయింది. ఆస్పత్రికి వెళ్లే ముందు ఆట ఆపి ఈ ఫ్లాపీలోనే దాచుకుంది. ఆరో గేటు దగ్గర ఏ ఎలుకని ఎక్కడ నిలబెట్టిందో ఒక్కసారి చూడాలని తల్లి ఫ్లాపీ తెచ్చింది.

ఆడినవాళ్ల పేర్లు నాలుగు తెర మీదకి వచ్చాయి. ఆవిడ పెద్దమ్మాయిది, ఆవిడ అక్క పిల్లలిద్దరివి, చివర మెకానిక్ ఆడి చూడ్డానికి కొట్టిన టెస్ట్ అని ఒకటి.

"మా చిట్టి పేరేది?"

మెకానిక్ ఫ్లాపీతో వచ్చిన కాగితం అప్పుడు చదివాడు. ఆటలో నలుగురికే చోటు. ఐదో పేరు కొడితే అందరికంటే ముందు ఆడినవాళ్ల పేరూ ఆటా చెరిగిపోతాయి. ఆ ఇంట్లో ముందు ఆడింది చిట్టి.

"కాపీ తీశావా బాబూ?"

"ముందు నడుస్తుందో లేదో చూద్దామనుకున్నానమ్మా."

అతను టెస్ట్ చెరిపేశాడు. ఖాళీ అయిన చోట ఆవిడ ఒక్కో అక్షరం వెతుక్కుంటూ చిట్టి పేరు కొట్టింది.

"కొత్తగా వచ్చావు కదూ చిట్టీ? ఒకటో గేటు నుంచి మొదలుపెడదాం," అని తెర మీద వచ్చింది.

"కొత్తేం కాదు," అంది ఆవిడ తెరతో. "ఆరు దాకా వచ్చింది."